యాడ్లు రాని ఇల్లు

మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఎవరూ యాడ్ చూడలేదు. ఈ మాట నేను చాలామందికి చెప్పుకున్నాను. లిఫ్టులు బాగుచేసేవాడికి గొప్పగా చెప్పుకోవడానికి ఏముంటుంది, ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగితే మన ఊసే ఎవరికీ గుర్తుండదు. అందుకని ఇంటికి ఎవరొచ్చినా టీవీ కింద అరలో ఉన్న నల్లపెట్టె చూపించి, వాళ్ళు ఆవలించేదాకా వదిలేవాణ్ణి కాదు.

అది కంప్యూటరే. విడిభాగాలు ఏరి తెచ్చి నేనే కట్టాను. రెండు ట్యూనర్ కార్డులున్నాయి కాబట్టి ఒకేసారి రెండు చానళ్ళు రికార్డు చేస్తుంది. నాలుగు పెద్ద డిస్కులు, చప్పుడు చేయని ఫ్యాను. వారం కార్యక్రమాల పట్టిక అదే తెచ్చుకుంటుంది. నేను టిక్కు పెట్టినవాటిని రెండు నిమిషాలు ముందు మొదలుపెట్టి, పది నిమిషాలు ఆలస్యంగా ఆపుతుంది. చానల్ వాళ్ళ గడియారాల మీద నాకు నమ్మకం లేదు. రికార్డయ్యాక యాడ్లన్నీ కత్తిరించి, కార్యక్రమాన్ని మాత్రం శుభ్రంగా మడతపెట్టిన బట్టలా అరలో పెడుతుంది. నెలకో ఆదివారం మూత తీసి కుంచెతో దుమ్ము దులిపి, డిస్కుల ఆరోగ్యం చూసి, కేబుళ్ళు బిగించేవాణ్ణి. మా ఆవిడ దాన్ని తన సవతి అనేది. "ఇవాళ సవతికి స్నానమా? అయితే అన్నం నేను ఒక్కదాన్నే తింటాను" అనేది.

మా చెల్లి యాడ్లు చదివేది.

అదే దాని ఉద్యోగం. మా ఊరి చానల్లో వచ్చే యాడ్లన్నిటికీ గొంతు తనదే. పరుపుల షాపు, కంటి ఆసుపత్రి, టైల్సు, డ్రైవింగు స్కూలు. మొహం ఎవరికీ తెలియదు కానీ ఏ కొట్టుకెళ్ళి ఏం అడిగినా పక్కనున్నవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్ళం, ఆ పేరే ఉండిపోయింది. రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది. వచ్చిందంటే చెప్పులు విప్పకముందే కబుర్లు మొదలు. "కొత్తది విన్నావా అన్నయ్యా?" అని అడిగేది. "మా ఇంట్లో యాడ్లు రావు కదే" అనేవాణ్ణి, అదేదో పెద్ద చమత్కారమైనట్టు. తనూ నవ్వేది.

రెండేళ్ళ కింద గొంతు బొంగురుపోయింది. పని తగ్గింది. అదే సమయంలో ఊరి చానల్‌ని వేరేవాళ్ళు కలిపేసుకున్నారు, పాత యాడ్లు ఆగిపోయాయి. అయిదు నెలల కింద ఒక మధ్యాహ్నం ఊపిరి అందక కింద పడిపోయింది. ఆసుపత్రిలో గడ్డ అన్నారు, ఆలస్యం చేసే వీల్లేదన్నారు, స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ మీద ఉన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తుంది. దాని మీద తెల్లటి పల్చని గుడ్డ కట్టుకుంటుంది. మా ముందు గదిలో ఉంటోంది.

ఈ అయిదు నెలల్లో నాకేమీ అనిపించలేదు. ధైర్యం గురించి చెప్పడం కాదు ఇది. నిజంగా ఏమీ లేదు లోపల. పొద్దున్నే గదిలో ఆవిరి యంత్రానికి నీళ్ళు పోసేవాణ్ణి, మెడలోని గొట్టం తీసి కడిగి ఆరబెట్టేవాణ్ణి, పనికెళ్ళి లిఫ్టు తాళ్ళకి గ్రీజు రాసి వచ్చేవాణ్ణి. రెండు పనులకీ మధ్య తేడా తెలిసేది కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఏడుస్తానని మా ఆవిడ ఎదురుచూసింది. నేను పెట్టె మూత తీసి దుమ్ము దులిపాను.

చెల్లికి ఆసుపత్రివాళ్ళు ఒక ట్యాబ్లెట్ ఇచ్చారు. దాని మీద టైపు చేస్తే అది పైకి చదువుతుంది. అందులో ఉన్న గొంతు ఎవరిదో తెలియదు, బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదకొస్తుందో చెప్పే మనిషిలా ఉంటుంది. చెల్లి ఒకే ఒక్కసారి వాడింది. "నాకు నీళ్ళు కావాలి" అని ఆ గొంతు అనగానే ట్యాబ్లెట్‌ని బోర్లా పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. చిన్న తెల్లపలక మీద మార్కరుతో రాసేది. మొదట్లో పలక నిండా రాసేది. తర్వాత ఒక వాక్యం, తర్వాత ఒక మాట. అయిదో నెలకి తల ఊపడమే మిగిలింది. "మాట పోయింది గొంతులోంచి కాదండీ, మనిషిలోంచే పోతోంది" అంది మా ఆవిడ.

మాట నేర్పే డాక్టరమ్మ ఉంది ఆసుపత్రిలో. చిన్నపిల్ల, సూటిగా మాట్లాడుతుంది. ఆమె గదిలో మేం ముగ్గురం కూర్చున్నాం.

"ఈవిడ సొంత గొంతునే ట్యాబ్లెట్‌లో పెట్టొచ్చండీ. కాకపోతే పాత గొంతు రికార్డింగు కావాలి. పక్కన ఏ చప్పుడూ లేకుండా, కనీసం అరగంట" అంది.

"ఫోనులో కొన్ని ఉన్నాయి" అంది మా ఆవిడ.

"విన్నానమ్మా. అన్నీ గొంతు బొంగురుపోయాక చేసినవే. పెళ్ళి వీడియోల్లో ఏమో వెనకాల అందరూ మాట్లాడుతున్నారు. పనికిరావు."

అప్పుడు చెల్లి పలక అందుకుంది. నెల రోజుల్లో తను అంత పొడుగు రాయడం అదే మొదటిసారి. రాసి, డాక్టరమ్మ వైపు తిప్పింది. 'మా అన్నయ్య దగ్గరున్నాయి. తొమ్మిదేళ్ళ కింద అడిగి తీసుకున్నాడు. నా యాడ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చాను.' కింద జాగా లేక అంచులో ఇరికించి రాసింది. 'దాచుకున్నాడు.'

"ఉన్నాయాండీ?" అంది డాక్టరమ్మ.

"ఉన్నాయి" అన్నాను.

ఎందుకు అడిగి తీసుకున్నానో నాకు అప్పుడే గుర్తొచ్చింది.

యాడ్ ఎక్కడ మొదలైందో పెట్టెకి ఎలా తెలుస్తుందంటే, కార్యక్రమం ఆగి యాడ్ మొదలయ్యే ముందు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. లేదా మూలనున్న చానల్ గుర్తు మాయమవుతుంది. మా ఊరి చానల్‌కి ఈ రెండూ లేవు. గుర్తు ఎప్పుడూ ఉంటుంది, తెర ఎప్పుడూ నల్లబడదు. వాళ్ళ వంటల పోటీ మా ఆవిడకి ఇష్టం, అందులో యాడ్లన్నీ పెట్టెని దాటుకుని వచ్చేసేవి, ప్రతిసారీ నేనే రిమోట్ నొక్కి దాటించాల్సి వచ్చేది. నాకు పరువు పోయినట్టుండేది. నెల రోజులు కుస్తీపట్టాను. చివరికి ఒక సంగతి తట్టింది. ఆ చానల్లో యాడ్‌కి ఒకే ఒక్క గుర్తు ఉంది, మా చెల్లి గొంతు. ఆ గొంతు వినపడితే అది యాడే. గొంతుని గుర్తుపట్టే ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. దానికి నమూనాలు కావాలి. చెల్లిని అడిగాను.

రెండు రోజుల్లో తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అన్నీ పెట్టాను అన్నయ్యా, స్టూడియోవాళ్ళు వాడనివి కూడా" అంది. పెట్టెకి ఆ గొంతు నేర్పాను. మర్నాటి నుంచి ఒక్క యాడ్ వస్తే ఒట్టు. వారం తర్వాత తను వచ్చి "విన్నావా?" అంది. "బాగున్నాయి" అన్నాను. ఒక్కటీ వినలేదు. తర్వాత ఈ సంగతే మర్చిపోయాను. నాకు అది పెద్ద విషయం కాదు కాబట్టి మర్చిపోయాను. తను మాత్రం అన్నయ్య తన యాడ్లు దాచుకున్నాడని తొమ్మిదేళ్ళుగా అందరికీ చెప్పుకుంటోంది.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ చిన్నగా అడిగింది.

"ఎక్కడున్నాయండీ అవి?"

"చూడాలి."

పెన్‌డ్రైవ్ నా సొరుగులోనే ఉంది. అది ఎప్పుడో తుడిచేసి కంప్యూటర్లు బాగుచేయడానికి వాడుకుంటున్నాను. ఆ రోజుల్లోని పెట్టె వేరు, కొత్తది కట్టాక దాని డిస్కు పాడైతే నేనే విరగ్గొట్టి పారేశాను. పని అయ్యాక ముడిసరుకు ఉంచుకునే అలవాటు నాకు లేదు, నమూనాలు అప్పుడే తీసేసి ఉంటాననుకున్నాను. స్టూడియో ఆయనకి ఫోను చేశాను. "మూసేశాం కదండీ, కంప్యూటర్లు ఎవరో పట్టుకుపోయారు" అన్నాడు. మంచి గొంతు అని జాలిపడ్డాడు.

ఇక మిగిలింది నా నాలుగు డిస్కులు. ఊరి చానల్ రికార్డింగులు రెండువేల పైచిలుకు ఉన్నాయి. కోతలు ఎంత బాగా కోసినా ఎక్కడో అర సెకను ముక్క మిగలకపోతుందా, ఆ ముక్కలన్నీ ఏరితే అరగంట కాకపోయినా కొంత అవుతుందని లెక్కేసుకున్నాను. పని నుంచి రాగానే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని యాడ్ కోసి కలిపిన అతుకు అతుకునీ వినడం మొదలుపెట్టాను. ఒక అతుకు దగ్గర డప్పు చప్పుడు, ఇంకో అతుకు దగ్గర ఎవరో మగాయన అన్న సగం మాట. మా చెల్లి గొంతు మాత్రం లేదు. చెత్త ఏరమంటే కూడా ఇంత శుభ్రంగా ఏరరు ఎవరూ.

చెల్లి సాయంత్రాలు వచ్చి నా పక్కన కూర్చునేది. నేను తన యాడ్లు వింటున్నానని అనుకుంది. టీ పెట్టి తెచ్చేది. రాయడం కూడా పెరిగింది. 'టైల్సు యాడ్ విన్నావా? ఆ రోజు నాకు జలుబు.' 'డ్రైవింగు స్కూలుది పదహారుసార్లు చదివించారు.' నేను తల ఊపేవాణ్ణి. 'ఇంకెన్ని రోజులు?' అని రాసింది ఎనిమిదో రోజు.

"మంచివి ఏరుతున్నాను" అన్నాను.

పదో రోజు మా ఆవిడ తలుపు దగ్గరగా వేసి నా ఎదురుగా నిలబడింది.

"మీ దగ్గర లేవు కదా?"

చెప్పేశాను. మొత్తం చెప్పాను. విన్నంతసేపూ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అంటే ఆ పిల్ల గొంతు వినపడితే కోసేయమని పెట్టెకి మీరే నేర్పారా?"

"యాడ్లు కోసేయమని నేర్పాను."

"ఆ పిల్ల గొంతుతో."

"అవును."

ఇంకో రోజైతే సవతి మీద ఒక మాట అనేది. తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెల చప్పుడు కూడా రాలేదు.

పన్నెండో రోజు ఆదివారం. అసలు ఒక్క ముక్క కూడా ఎందుకు మిగల్లేదో చూద్దామని ఆ గొంతు పట్టే ప్రోగ్రాం చిట్టా తెరిచాను. నేనెప్పుడూ దాన్ని చూసే అవసరం రాలేదు, అంత బాగా పనిచేసేది. ప్రతి రికార్డింగుకీ ఒక వరస. తేదీ, ఎన్నిసార్లు గొంతు దొరికింది. ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ఇరవై తొమ్మిది. అలా ఏళ్ళ తరబడి. రెండేళ్ళ కింద నుంచి సున్నా. ఆ నంబరు మీద ఇప్పుడు వేరే చానల్ వస్తోంది, వంటల పోటీ లేదు, అయినా దాని రికార్డింగులన్నింటిలో రోజూ నా పెట్టె చెల్లి గొంతు కోసం మొదటి నుంచి చివరిదాకా వెతికి సున్నా అని రాసుకుంటోంది. నేను ఆపమనలేదు కాబట్టి ఆపలేదు.

చిట్టా పైవరసలో ఇంకో మాట ఉంది. నమూనాలు, నూట పన్నెండు. పక్కన అవి ఉన్న చోటు.

పెట్టె మార్చినప్పుడల్లా ఆ ప్రోగ్రామున్న ఫోల్డరుని ఉన్నదున్నట్టు ఎత్తి కొత్తదాంట్లో పడేశాను, రెండుసార్లూ. లోపలేముందో చూడలేదు. ఇప్పుడు తెరిచాను. నూట పన్నెండు ఫైళ్ళు. పేర్లు చెల్లే పెట్టింది. 'కంటి ఆసుపత్రి నెమ్మదిగా.' 'టైల్సు జలుబు.' 'పరుపుల షాపు నవ్వుతూ.' 'పరుపుల షాపు నవ్వకుండా.' అన్నిటికన్నా చివర 'అన్నయ్యకి'.

ముందు దాన్నే తెరిచాను.

"అన్నయ్యా, ఇది యాడ్ కాదు. ఇవన్నీ విని ఏది బాగుందో చెప్పు. అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పకు, అది అందరూ చెప్తారు. నువ్వు లిఫ్టు తాడు చూసినట్టు చూసి చెప్పు. నువ్వు అడిగావని ఇక్కడ అందరికీ చెప్పేశాను, అందుకే ఇంజనీరు గారు ఉత్తినే రికార్డు చేస్తున్నారు, నవ్వుతున్నారు కూడా. సరే. ఉంటాను."

పెట్టెకి ఇది కూడా నేర్పాను. ఈ గొంతు వినపడినా కోసేయమన్నాను.

సిగ్గేసింది. అయిదు నెలల తర్వాత నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీసేస్తే ఎవరైనా చూస్తారన్నట్టు అలాగే కూర్చున్నాను. తర్వాత మొదటి ఫైలు నుంచి వరసగా నూట పదకొండూ విన్నాను. నలభై రెండు నిమిషాలు పట్టింది. అంతే. తొమ్మిదేళ్ళలో నలభై రెండు నిమిషాలు.

సాయంత్రం చెల్లి టీ తెచ్చింది. కూర్చోమన్నాను. దొరికాయని చెప్పి ఊరుకోవచ్చు, మా ఆవిడ కూడా అదే చేయమంది. కానీ దాచుకున్నాడు అన్న ఆ మాట పలక అంచులో ఇరికించి రాసిన తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. చెప్పాను. ఎందుకు అడిగానో, ఏం నేర్పానో, బాగున్నాయని ఎలా అబద్ధమాడానో, ఈ పన్నెండు రోజులూ ఏం వెతికానో.

చెల్లి టీ గ్లాసు కింద పెట్టింది. పలక తీసుకుంది.

'బాగా పట్టుకునేదా?'

"ఒక్కటి వదల్లేదు."

తల వంచుకుంది. భుజాలు కదిలాయి. మెడ మీది గుడ్డ లోపలికీ బయటికీ ఆడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. శబ్దం లేకపోతే ఆ రెండూ ఒకేలా ఉంటాయని నాకంతకుముందు తెలియదు. చెయ్యి వేయాలో వద్దో తేల్చుకోలేకపోయాను. కాసేపటికి పలక తుడిచి మళ్ళీ రాసింది.

'ఏది బాగుంది?'

"పరుపుల షాపు. నవ్వకుండా చెప్పింది."

'అది వాళ్ళు వాడలేదు.'

"వాళ్ళకి తెలియదు" అన్నాను.

డాక్టరమ్మకి ఫైళ్ళన్నీ ఇచ్చాం. విని చాలా సంతోషపడింది. స్టూడియోలో చేసినవి కదా, ఇంత శుభ్రమైనవి ఎవరి దగ్గరా ఉండవంది. ఇంత జాగ్రత్తగా దాచిపెట్టినందుకు నన్ను మెచ్చుకుంది. చెల్లి నా వైపు చూసింది, ఏమీ రాయలేదు. గొంతు నవ్వుతూ ఉండాలా మామూలుగా ఉండాలా అని డాక్టరమ్మ అడిగితే మాత్రం 'నవ్వకుండా' అని రాసింది.

మూడు వారాలకి గొంతు తయారైంది. ట్యాబ్లెట్‌లో వేసి పంపారు. ఆ సాయంత్రం తిన్నాక ముగ్గురం హాల్లో కూర్చున్నాం. మధ్యాహ్నం రికార్డయిన క్విజ్ పెట్టాను. చెల్లి ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని, టైపు చేసి చెరిపేసి, మళ్ళీ టైపు చేస్తోంది. మొదట ఏం మాట్లాడాలో తేల్చుకోలేకపోతోందని అనుకున్నాను. తొందరపెట్టకుండా మా ఆవిడ టీవీ చూస్తున్నట్టు నటిస్తోంది. నేను కూడా తెరవైపే చూస్తున్నాను, రిమోట్ చేతిలో ఉంది.

"వదినా, రేపటి నుంచి వంట నేను చేస్తాను. అయిదు నెలలుగా నీ చారు తాగుతున్నాను, చెప్పుకోవడానికి నోరు లేక..."

చెల్లి గొంతు. తన గొంతే. ఎక్కడా గీత పడలేదు.

టీవీలో క్విజ్ ఒక్కసారిగా ముందుకి దూకింది. జవాబు చెప్పబోతున్న మనిషి పోయి వేరే మనిషి వచ్చాడు. ఏమైందో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ నా చేతి వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. పెట్టె ఎప్పుడైనా యాడ్ వదిలేస్తే నొక్కడానికి రిమోట్‌లో ఒక బటన్ ఉంది, ముప్పై సెకన్లు దాటేస్తుంది. నా బొటనవేలు దాని మీద ఉంది. నేను నొక్కాలనుకోలేదు. గొంతు వినగానే వేలు దాని పని అది చేసేసింది. పెట్టె కన్నా ముందు నేర్చుకున్నది నేనే.

చెల్లి కూడా ఆ వేలునే చూస్తోంది.

క్షమించమని అడగాలి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని మెడ తడిసేదాకా తెలియలేదు. చెల్లి తల వంచి టైపు చేసింది. ఒక్కొక్క అక్షరమే, నింపాదిగా.

"అన్నయ్యా, నా మాట ఇంకా అవలేదు."

టీవీ ఆపేశాను. రిమోట్ తీసుకెళ్ళి తన పక్కన పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"చెప్పు పిచ్చుకా" అన్నాను.